అందరి మిషను – అందరి వేడినీళ్ళు

(రేడియోలో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



బట్టలు ఉతకడం మీద కూడా ఒక ప్రసంగమా అని నవ్వుకోకండి. వంట తర్వాత ఇల్లాలికి తప్పని పని అదే కదా! అయితే ఇవాళ నేను చెప్పబోయేది మన పెరటి బండమీద ఉతుకుడు గురించి కాదు. అమెరికాలో అద్దె ఇళ్ళవాళ్ళు నాణేలు వేసి నడుపుకునే ఉమ్మడి బట్టల మిషన్ల గురించి, ఆ మిషన్లు తాగేసే వేడినీళ్ళ గురించి.

"ఎక్కడి అమెరికా, ఎక్కడి మనం?" అంటారేమో. మనలో చాలామందికి అమ్మాయో, అబ్బాయో, చెల్లెలో, మరిదో అక్కడ వుంటూనే వున్నారు. పురుళ్ళకనీ, పసిపిల్లల్ని చూసుకోవడానికనీ మనం నెలల తరబడి వెళ్ళి వుండి వస్తూనే వున్నాం. వెళ్ళిన మర్నాడు మన చేతికి వచ్చే మొదటి పని వంట, రెండోది ఈ బట్టలు. అంచేత నాలుగు మాటలు తెలుసుకుని వెళ్ళడం మంచిదే.

అక్కడ సొంత ఇల్లు వున్నవాళ్ళు మిషను ఇంట్లోనే పెట్టుకుంటారు. అద్దె అపార్టుమెంట్లలో, ముఖ్యంగా పాతకాలం కట్టడాల్లో, ఎవరి వాటాలో వాళ్ళకి మిషను వుండదు. మేడ కింద నేలమాళిగలోనో, ఓ పక్క గదిలోనో మూడో నాలుగో ఉతికే మిషన్లు, వాటి పక్కనే ఆరబెట్టే మిషన్లు వుంటాయి. డాలరులో నాలుగో వంతు నాణేన్ని అక్కడ క్వార్టరు అంటారు. మన పాత పావలా లాంటిదనుకోండి. ఆ క్వార్టర్లు కొన్ని వేస్తేగాని మిషను కదలదు. ఈమధ్య చాలాచోట్ల నాణేలకు బదులు కార్డు గీకడం, సెల్‌ఫోనుతో డబ్బు కట్టడం కూడా వచ్చాయి. పద్ధతి మాత్రం అదే.

ఈ అద్దె ఉతుకుడు నిన్నామొన్న వచ్చింది కాదు. 1934లో టెక్సాసు రాష్ట్రంలోని ఫోర్ట్ వర్త్ పట్నంలో ఒకాయన కరెంటు మిషన్లు కొన్ని పెట్టి, గంటల లెక్కన అద్దెకిస్తూ ఆ కొట్టుకు 'వాషటీరియా' అని పేరు పెట్టాడు. ఇంట్లో మిషను కొనుక్కోలేని ఆడవాళ్ళకి అది పెద్ద ఆసరా అయింది.

ఇక మిషను దగ్గరికి వద్దాం. దాని నెత్తిన ముఖ్యంగా మూడు మీటలు వుంటాయి. హాట్ అంటే వేడినీళ్ళు, వార్మ్ అంటే గోరువెచ్చన, కోల్డ్ అంటే చన్నీళ్ళు. మన ఇళ్ళలోని కొన్ని మిషన్లు నీళ్ళు పట్టుకుని లోపలే కాచుకుంటాయి. అక్కడి మామూలు మిషన్లు అలా కావు. మేడ మొత్తానికీ వుండే పెద్ద బాయిలరులోంచి కాగిన నీళ్ళు గొట్టం ద్వారా వచ్చి మిషనులో పడతాయి. స్నానాలకీ, అంట్లు కడగడానికీ, బట్టలకీ అన్నిటికీ ఆ బాయిలరే ఆధారం.

అసలు మెలిక ఇక్కడే వుంది. చాలాచోట్ల హాట్ నొక్కినా, కోల్డ్ నొక్కినా వెయ్యవలసిన నాణేలు ఒక్కటే. 'ఎలాగూ డబ్బు ఇస్తున్నాం, వేడినీళ్ళు ఎందుకు వదులుకోవాలి?' అనిపించడం సహజం. చెయ్యి దానంతట అది హాట్ మీదికి పోతుంది. ఆ నీళ్ళు కాచిన ఖర్చు ఇంటి యజమాని బిల్లులో పడుతుంది. యజమాని తన జేబులోంచి ఎన్నాళ్ళు పెడతాడు? ఏడాది తిరిగేసరికి అది అద్దెలోనో, నిర్వహణ రుసుములోనో కలిసి అందరి నెత్తికీ వస్తుంది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఎంత ఖర్చో చూద్దాం. లెక్కంటే భయపడకండి, పాలు కాచినంత తేలిక. పైన మూతవుండే పాతరకం మిషను ఒక వాయి బట్టలకి సుమారు 150 లీటర్ల నీళ్ళు వాడుతుంది. అందులో సగం, అంటే 75 లీటర్లు, సబ్బునీళ్ళలో తిప్పడానికి. మిగతా సగం జాడించడానికి. ఆ మొదటి 75 లీటర్లూ వేడివి అనుకోండి. మన లెక్కన దాదాపు నాలుగు బాల్చీల వేడినీళ్ళు. పది డిగ్రీల చల్లటి నీళ్ళని యాభై డిగ్రీలకి తేవాలంటే కరెంటు లెక్కలో సుమారు మూడున్నర యూనిట్ల వేడి కావాలి. గ్యాసు మీద కాచినా కావలసిన వేడి అంతే. మూడున్నర యూనిట్లంటే మన ఇంట్లో సీలింగు ఫాను రాత్రీ పగలూ దాదాపు రెండు రోజులు తిరిగే కరెంటు! మరి అదే వాయికి బట్టలు తిప్పే మోటారు తీసుకునేదెంత? సుమారు పావు యూనిట్. హాట్ మీద ఉతికినప్పుడు ఖర్చులో నూటికి తొంభై పాళ్ళు నీళ్ళు కాచడానికే పోతోంది, ఉతకడానికి కాదు. వార్మ్ పెడితే ఈ ఖర్చు రమారమి సగమవుతుంది. కోల్డ్ పెడితే ఆ తొంభై పాళ్ళూ మిగులుతాయి. ముందు తలుపు వుండే కొత్తరకం మిషన్లు నీళ్ళు సగానికి సగం తక్కువ తాగుతాయిగాని, వాటిలోనూ ఎక్కువ ఖర్చు వేడికే.

ఒక మేడలో 24 వాటాలు వున్నాయనుకుందాం. వారానికి ఇంటికి మూడు వాయిలు. మొత్తం 72. అన్నీ హాట్‌లో ఉతికితే వారానికి 252 యూనిట్ల వేడి. అందులో 48 వాయిలు చన్నీళ్ళకి మార్చగలిగితే వారానికి 168 యూనిట్లు మిగులుతాయి. ఒక్క ఇల్లాలు మారితే మూడో నాలుగో వాయిలు. అందరూ మారితే అదీ లెక్క!

డబ్బు సంగతి అలా వుంచండి. ఇంకో కష్టం వుంది. మా చెల్లెలి పురిటికని నేను న్యూజెర్సీలో ఒక చలికాలమంతా వున్నాను. మూడంతస్తుల పాత మేడ. కింద మూడు మిషన్లు. అందరికీ తీరికయ్యేది ఆదివారమే కాబట్టి, పొద్దున్నే ఎవరికి వాళ్ళు బుట్టలు పట్టుకుని దిగేవారు. మూడు మిషన్లూ హాట్ మీద పెడితే ఒక్కసారే పన్నెండు బాల్చీల వేడినీళ్ళు అటు పోతాయి. పై అంతస్తులో కుళాయి తిప్పితే మొదట గోరువెచ్చన, తర్వాత మంచు. బయట మంచు కురుస్తుంటే పచ్చి బాలెంతరాలికి నీళ్ళు పోసేదెలా? ఇరవై రోజుల పసిగుడ్డుకి స్నానమెలా? గిన్నెలతో పొయ్యిమీద కాచి పోసేదాన్ని. పై వాటాలోని ముసలావిడ అయితే యజమానితో దెబ్బలాడింది. తప్పు బాయిలరుదనే అందరూ అనుకున్నారు.

మిషన్లలో చన్నీళ్ళు వాడితే సరిపోతుందేమోనని నేను అంటే మా చెల్లెలు వినలేదు. "అక్కయ్యా, మనకంటే ముందు ఆ మిషనులో ఎవరు ఏం వేశారో! పసిపిల్ల బట్టలు వేడినీళ్ళలో వెయ్యకపోతే నాకు మనసొప్పదు" అంది. ఆ మాట ఆమె ఒక్కతెదే కాదు. అందరూ కలిసి వాడుకునే మిషను దగ్గర ఏ ఆడదాని మనసులోనైనా మెదిలే మాటే అది. దానికి సరైన సమాధానం చెప్పకుండా ఉత్తినే 'పొదుపు, పొదుపు' అంటే ఎవరు వింటారు చెప్పండి?

వేడినీళ్ళంటే శుభ్రమనే నమ్మకం మనకి ఎక్కడినుంచి వచ్చింది? చాకిరేవు నుంచి. వెనక మన రజకులు బట్టలకి చవుడో సోడానో పట్టించి, బానలో పేర్చి, కింద మంట పెట్టి ఆవిరిమీద ఉడికించేవారు. ఆ ఆవిరి వేడి నూరు డిగ్రీలు. పైగా ఘాటైన సోడా. ఆ రెండూ కలిస్తే ఏ మురికీ, ఏ పురుగూ నిలవదు. మరి అమెరికా మేడలో కుళాయి వేడి ఎంత? చేతులు కాలకుండా బాయిలరుని 120 ఫారెన్‌హీటు డిగ్రీల దగ్గర పెట్టుకోమని అక్కడి ప్రభుత్వ వినియోగ వస్తువుల భద్రతా సంఘం చెబుతుంది. అది మన కొలతలో 49 డిగ్రీలు. గొట్టాల్లో ప్రయాణం చేసి, చల్లటి తొట్టిలో పడి, చల్లటి బట్టలకి తగిలేసరికి ఇంకా తగ్గుతుంది. ఆసుపత్రి దుప్పట్లకి చెప్పే వేడి 71 డిగ్రీలు, అదీ కనీసం పాతిక నిమిషాలు. కాబట్టి హాట్ మీట నొక్కినంత మాత్రాన బట్టలు బానలో ఉడికినట్టు కాదు. క్రిములన్నీ చచ్చాయనుకోవడం మన తృప్తి కోసమే.

ఇంకో ముచ్చట. మన ఇళ్ళలో అన్నిటికన్నా శుభ్రమైన బట్ట ఏది? మడిబట్ట. మన అమ్మమ్మలు దాన్ని కాగుల్లో కాచారా? లేదే! చన్నీళ్ళలో తడిపి, గట్టిగా జాడించి, పిండి, ఎవరి చెయ్యీ తగలకుండా దండెం మీద ఆరేశారు. పుష్కలంగా నీళ్ళు, బాగా జాడింపు, పూర్తిగా ఆరడం – శుభ్రానికి మూలం ఈ మూడే. ఇవాళ్టి మిషనుకీ ఇదే సూత్రం. మురికిని వదిలించేది సబ్బూ, మిషను తిప్పుడూ. దాన్ని బయటికి పంపేది జాడింపు. మిగిలిన తేమని, దాంతోపాటు చాలా క్రిముల్ని పోగొట్టేది ఆరబెట్టే మిషను వేడి, మన దగ్గరైతే ఎండ.

సబ్బు కూడా ఇదివరకటిది కాదు. కొవ్వుతో చేసిన పాత సబ్బు చన్నీళ్ళలో సరిగా కరిగేది కాదు. అప్పుడు వేడినీళ్ళు తప్పనిసరి. తర్వాత సబ్బుపొడులు వచ్చాయి. వాటిలో ఇప్పుడు ఎంజైములని కలుపుతున్నారు. మన కడుపులో అన్నం అరిగించేవి కూడా ఎంజైములే. వాటిని బట్టల మురికికి వాడవచ్చని జర్మనీలో ఓటో రోమ్ అనే శాస్త్రజ్ఞుడు 1913లోనే కనిపెట్టాడు. ఒక రకం పాలు, నెత్తురు, గుడ్డు మరకల్ని విడగొడుతుంది. ఒక రకం గంజి, అన్నం మరకల్ని, మరో రకం నూనె జిడ్డుని. ఇవి పనిచెయ్యడానికి నీళ్ళు సలసల కాగనక్కరలేదు. మరీ వేడైతే వాటి శక్తే పోతుంది. చన్నీళ్ళకని ప్రత్యేకంగా తయారుచేసిన సబ్బులు కూడా అక్కడ అంగళ్ళలో దొరుకుతున్నాయి.

మా చెల్లెలికి ఇదంతా చెప్పి, మాటలతో ఎందుకని ఒకరోజు రెండు మిషన్లలో రెండు వాయిలు వేయించాను. ఒకటి హాట్, ఒకటి కోల్డ్. సబ్బు ఒకటే. చిన్నదాని చొక్కాలు, దుప్పట్లు, మా చీరలు రెండింటిలోనూ సగం సగం. ఆరాక పక్కపక్కన పెట్టి చూస్తే ఏవి ఎందులో ఉతికామో తను పోల్చుకోలేకపోయింది. తేడా కనబడింది ఒక్క వంటింటి గుడ్డల్లోనే. పోపు నూనె, ఆవకాయ జిడ్డు పట్టినవి వేడినీళ్ళలో కాస్త బాగా వదిలాయి. సరే, ఆ ఒక్కటీ హాట్‌లో వేసుకోమన్నాను!

వేడినీళ్ళు అసలే వద్దని నేను అనను. ఎక్కడ కావాలో అక్కడ వాడాలి. ఇంట్లో వాంతులు, విరేచనాలు, గజ్జి లాంటివి వచ్చినప్పుడు రోగి బట్టలూ, దుప్పట్లూ విడిగా, గుడ్డ ఓర్చగలిగినంత వేడిలో ఉతికి, ఆరబెట్టే మిషనులో పూర్తిగా ఆరేదాకా వుంచాలి. పసిపిల్లల మలం అంటిన గుడ్డలు ముందు విడిగా కడిగి, తర్వాత వేడినీళ్ళలో వెయ్యాలి. ఉబ్బసం వున్నవాళ్ళ దిండు గలీబులకీ, దుప్పట్లకీ వేడి అవసరం. దుమ్ములో వుండే కంటికి కనపడని పురుగులు చావడానికి 55 డిగ్రీలు కావాలి కాబట్టి, కుళాయి వేడి చాలనిచోట ఆరబెట్టే మిషను వేడే ఆ పని చెయ్యాలి. జిడ్డు పట్టిన వంటింటి గుడ్డల సంగతి చెప్పనే చెప్పాను. వారం మొత్తం బట్టల్లో ఇవి ఒక్క వాయికి మించవు.

మిగతావన్నీ చన్నీళ్ళకే. కొన్నిటికి వేడి తగిలితే నష్టం కూడా. నెత్తురు మరక, పాల మరక వేడినీళ్ళలో పడ్డాయంటే గుడ్డలో ఉడికి గట్టిపడిపోతాయి. పురిటి రోజుల్లో ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. ముందు చన్నీళ్ళలో నానబెట్టి పిసికితే అవి సులువుగా వదులుతాయి. మన నేత చీరలూ, రంగు లంగాలూ వేడిలో రంగు దిగి పక్కవాటికి పట్టిస్తాయి. ఒక ఎర్ర రవిక చాలు, అల్లుడిగారి తెల్లచొక్కాలన్నీ గులాబీరంగు కావడానికి! నూలు బట్టలు ముడుచుకుంటాయి. పసుపు మరక గురించి బెంగపెట్టుకుని హాట్ నొక్కకండి. పసుపుని విరిచేది వేడి కాదు, వెలుతురు. ఉతికి కిటికీ దగ్గర ఎండ పడేచోట ఆరేస్తే నాలుగు రోజుల్లో దానంతటదే వెలిసిపోతుంది.

చన్నీళ్ళ ఉతుకుడికి కొన్ని మెళకువలు వున్నాయి. బాగా చల్లటి నీళ్ళలో సబ్బుపొడి గడ్డకట్టి బట్టలకి అంటుకుంటుంది. అందుకని చెంబుడు వెచ్చటినీళ్ళలో ముందే కరిగించి పొయ్యండి, లేదా ద్రవం సబ్బు వాడండి. చొక్కా మెడపట్టీల మీద, నూనె మరకల మీద ఆ ద్రవాన్నే రెండు చుక్కలు వేసి రుద్ది, పావుగంట వుంచి మిషనులో పడెయ్యండి. ఎక్కువ సబ్బు వేస్తే ఎక్కువ శుభ్రమనుకోవద్దు. నురగ వదలక బట్టలు బిరుసెక్కుతాయి. తొట్టి కుక్కకండి, బట్టలు తిరగడానికి చోటుండాలి. సగం వాయికి మిషను నడపడం కూడా దండగే, అటు నాణేలూ ఇటు నీళ్ళూ. ఇక ఉత్తరాది రాష్ట్రాల్లో నడి చలికాలంలో కుళాయి నీళ్ళు చెయ్యి కొంకర్లు పోయేటంత చల్లగా వుంటాయి. పదిహేను డిగ్రీలకి తగ్గితే మామూలు సబ్బు మందగిస్తుంది. ఆ రెండు మూడు నెలలూ వార్మ్ పెట్టుకుంటే తప్పులేదు. అదే టెక్సాసు ఎండల్లో అయితే కుళాయి చన్నీళ్ళే గోరువెచ్చగా వస్తాయి.

ముందు ఎవరు ఏం వేశారో అన్న అనుమానానికి విరుగుడు మీ చేతిలోనే వుంది. బట్టలు వేసేముందు మూత తీసి తొట్టిలోకి చూడండి. తడిగుడ్డతో లోపలా, అంచులూ, రబ్బరు మడతలూ ఒకసారి తుడవండి. బ్లీచింగు వాసన వస్తే రంగుబట్టలు అందులో వెయ్యకండి. మీ పని అయ్యాక మూత తెరిచి వుంచి రండి, లోపల తడి ఆరి వాసన రాకుండా వుంటుంది. తర్వాత వచ్చే ఇల్లాలికి అదే మీరు చేసే మర్యాద.

చివరికి మా చెల్లెలి మేడలో ఏమైందో చెప్పాలి కదా. తనూ, పై వాటా ముసలావిడా, పక్కింటి మెక్సికో ఆవిడా కలిసి ఒక కాగితం రాసి మిషన్ల గదిలో అంటించారు. ఇంగ్లీషులో, స్పానిషులో, కింద తెలుగులో కూడా! 'ఆదివారం ఉదయం పదిదాకా దయచేసి కోల్డ్ వాడండి, పైన పసిపిల్లలు స్నానం చేస్తున్నారు' అని. పొదుపు గురించి ఒక్క ముక్క లేదు. అయినా చాలామంది విన్నారు. ఎవరికో ఇబ్బంది కలుగుతోందని తెలిస్తే మనుషులు చెయ్యి వెనక్కి తీసుకుంటారు. తెలియకపోతేనే నొక్కుతారు. బాయిలరు మార్చలేదు, కొత్త మిషను రాలేదు. నేను తిరిగి వచ్చేనాటికి ఆదివారం పొద్దున్న పై అంతస్తులో వేడినీళ్ళు వస్తున్నాయి.

అన్నిచోట్లా కాగితం ముక్కతో పని జరగకపోవచ్చు. అప్పుడు యజమానిని అడగవలసింది ఒకటి వుంది. ఆ మిషన్లలో చాలావాటికి ఏ మీటకి ఎంత డబ్బో వేరువేరుగా పెట్టుకునే వీలుంది. హాట్‌కి ఒక క్వార్టరు ఎక్కువ, కోల్డ్‌కి ఒకటి తక్కువ పెట్టమనండి. అలా పెట్టినచోట్లు వున్నాయి. బిల్లు తగ్గితే లాభం ఆయనదే కాబట్టి కాదనడు. నాణెం నిజం చెప్పడం మొదలెడితే మనం ఉపన్యాసాలు చెప్పనక్కరలేదు.

మన ఊళ్ళలో ఫ్లాట్లలో వున్న సోదరీమణులకి కూడా ఒక మాట. ముందు తలుపు మిషను వుంటే దాని మీద 40, 60 అని అంకెలు వుంటాయి చూడండి. అవి లోపలి హీటరు నీళ్ళు కాచే డిగ్రీలు. అక్కర వున్నా లేకపోయినా ముందెప్పుడో తిప్పిన 60 మీదే వదిలేసిన ఇళ్ళు చాలా వున్నాయి. మన కుళాయి నీళ్ళు, మన ఎండ మనకుండగా రోజువారీ బట్టలకి ఆ హీటరు ఎందుకు? అక్కడ ఆ ఖర్చు నలుగురి మధ్య దాక్కుంటుంది. ఇక్కడ మీ కరెంటు బిల్లులోనే కూర్చుంటుంది. ఇవాళ సాయంత్రం ఒకసారి వెళ్ళి ఆ మీట ఎక్కడుందో చూడండి.

అమెరికా ప్రయాణానికి పచ్చళ్ళూ పొడులూ మూటకట్టుకునే అమ్మలకి నా మనవి ఒక్కటే. ఆ మిషను గదిలోకి దిగినప్పుడు మీ చేతిలో నాణేలు మీవి, బుట్టలో బట్టలు మీవి, గొట్టంలో వచ్చే వేడినీళ్ళు మాత్రం అందరివీ. రోగానికీ, జిడ్డుకీ హాట్. నడి చలికాలంలో వార్మ్. మిగతా అన్నిటికీ కోల్డ్. ఇది గుర్తుంటే చాలు.